ముప్పై కౌంటు

స్టోన్‌హౌస్‌పేటలో బియ్యం కొట్టు మీద మా ఆఫీసు.
కింద బస్తా దించినప్పుడల్లా
పైన మా సముద్రం ఒకసారి ఊగుద్ది.
మానిటర్లు నాలుగు, కుర్చీలు మూడు,
మెట్ల దాకా తవుడు వాసన.

ఆటని పెంచలప్రసాద్ రాస్తాడు.
అలల్ని, పడవల్ని, తెరచాప మీద పడే ఎండని
జిలానీ గీస్తాడు.
నేను జవాబులు రాస్తాను.

ఇంకా పుట్టని ఆటకి పదకొండు వేలమంది చుట్టాలు.
ఏటిమొగ అని పేరు పెట్టిన రోజు నించీ
ఎప్పుడన్నా, ఎప్పుడన్నా అని ఒకటే పోరు.
నన్ను అడ్మినన్నా అంటారు.
అన్నని కాదు, అక్కనని చెప్పలేదు ఎప్పుడూ.
తేదీయే చెప్పలేనిదాన్ని,
ఇదొక్కటీ చెప్పి ఏం లాభమని.

మొదట్లో భలే ఉండేది.
శుక్రవారం శుక్రవారం ఒక బొమ్మ వదిలేవాళ్లం.
ఒకసారి లంగరు. ఒకసారి తెగిన వల.
ఒకసారి ఊరికే చీకటి, అందులో ఒక లాంతరు.
ఆ లాంతరు ఎవరిదని
కావలి పిలకాయలు నాలుగు రోజులు కొట్టుకున్నారు.
ఎవరిదో మాకూ తెలీదు.
వాళ్ల కొట్లాట చదివి జిలానీ
ఒక ముసలామెని గీసి పడవెక్కించాడు.

తర్వాత 'త్వరలో' వచ్చింది.
ఉగాదికన్నాం. రొట్టెల పండక్కన్నాం.
వానలు తగ్గనీయమన్నాం, వానలకీ మాకూ సంబంధమున్నట్టు.
త్వరలో అనేది తెగిన చెప్పు,
ఈడ్చుకుంటా గడప దాటొచ్చు, వీధి దాటలేం.

గోడకి మార్కాపురం పలక ఒకటి ఉంది,
ప్రసాద్ వాళ్ల నాయన బడికి తీసుకుపోయిందట.
తేదీలు దాని మీదే.
రాసి తుడిచి, రాసి తుడిచి పలక తెల్లబడింది.
ఇప్పుడు సుద్దముక్కతో ఏం రాసినా కనపడదు.

పోయిన గురువారం రాత్రి
రెండొందల మందిని లోపలికి పిలిచాం, పరీక్షకి.
పదీ ఇరవైకి అందరూ ఒక్కసారే తెరచాపలెత్తారు.
పదీ ఇరవై ఒకటికి సముద్రం ఆగిపోయింది.
లేచిన అల లేచినట్టే,
ఎగిరిన కొంగ ఎగిరినట్టే,
ముసలామె చెయ్యి లాంతరుకి జానెడు దూరంలో.

"చిన్న సాంకేతిక అంతరాయం అని రాసెయ్,"
అన్నాడు ప్రసాద్, మొహం ఎత్తకుండా.
రాశాను. కొట్టేశాను.
మళ్లీ రాశాను.
'సముద్రం మావల్ల కాలేదు.
రెండొందల పడవలు తేలేన్ని నీళ్లు పొయ్యలేకపోయాం.
పొరపాటు ఎక్కడో తెలిసింది.
దిద్దడానికి ఎన్నాళ్లు పడుద్దో తెలీదు.'
కింద, మొదటిసారి, పేరు పెట్టాను: కామాక్షి.

తిట్లొచ్చాయి. రాకేం చేస్తాయి.
ఆట లేదు గీట లేదు పొమ్మన్నాడొకడు.
ఆత్మకూరు నించి ఒకడు
మాటే లేకుండా ఏడుపు బొమ్మలు పదహారు పంపాడు.
అక్కా నువ్వా, అని ముప్పైమంది.

రెండు దాటాక మైపాడు వైపు నించి ఒక మెసేజీ.
'రొయ్యల గుంట కాడ కాపలా ఉంటానక్కా.
ఏరియేటర్లు తిరిగినంతసేపూ నిద్రపోకూడదు.
మీ లాంతరు బొమ్మ చూస్తా కూచుంటా.
పోయినేడు మా ఓనరు తొందరపడి
వంద కౌంటుకే పట్టుబడి చేశాడు,
డీజిలు డబ్బులు కూడా రాలా.
మీరు ముప్పై కౌంటు రానీయండి.
ఒకటి అడగతా, ఏమనుకోబాకండి.
ఈడ సిగ్నలు ఒక్క గీతే.
నా పడవ కదులుద్దా?'

పదకొండు వేలమందిలో
ఎవరూ అడగని మాట. మేమూ అడుక్కోని మాట.
మా నీళ్లన్నీ నాలుగు గీతల నీళ్లు.
'తెలీదు తమ్ముడూ' అని రాశాను.
ఆ రాత్రికి రెండో తెలీదు.
మొదటి దానికన్నా తేలిగ్గా వచ్చింది.

ప్రసాద్ అది రెండుసార్లు చదివాడు.
ఏమీ అనకుండా ఫోను తీసుకుని మెట్లు దిగాడు.
తెల్లవారుజాము లారీ అప్పుడే వచ్చింది,
బస్తాలు పడతా ఉన్నాయి,
మా సముద్రం ఊగతా ఉంది.
గోడౌను వెనకమూల, బస్తాల సందులోంచి
అతని గొంతు:

"కామాక్షీ, ఇక్కడ ఒక్క గీతే ఉంది.
పంపించు పడవని."